క్లాసుకు వెళ్తున్నట్టు జాకెట్ వేసుకుని నాన్నకు కనిపిస్తున్నాను

పల్నాడు ప్రాంతం నుంచి వెళ్లి ప్రస్తుతం జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న ఒక ఇరవై ఏళ్ల విద్యార్థి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, కాలేజీ పేరు రాయొద్దన్నాడు. పెద్ద ఉత్తరం. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చి, కుదించి ఇస్తున్నాను.

మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్‌కి వాళ్ల కాలేజీ నుంచి ఇద్దరు ఎంపికయ్యారు. రెండో అబ్బాయి చివరి నిమిషంలో ఆగిపోతే ఇతను ఒక్కడే వెళ్లాడు. రెండు కాలేజీల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి అక్కడ ట్యూషన్ ఫీజు లేదు. కానీ వీసా కోసం నెలకు 992 యూరోల చొప్పున ఆరు నెలలకు 5,952 యూరోలు, నెల నెలా కొంత మాత్రమే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాల్సి వచ్చింది. మన డబ్బుల్లో దాదాపు ఆరు లక్షలు. నాన్న ఆర్టీసీ కండక్టర్. ఉద్యోగుల సొసైటీలో లోన్ తీశాడు, అది చాలక అమ్మ గాజులు బ్యాంకులో పెట్టారు. చెల్లి ఇంటర్ చదువుతోంది.

సెప్టెంబర్ చివర్లో విమానం ఎక్కాడు. మొదటి మూడు వారాలు బాగానే గడిచాయి. ఎల్బే నది వంతెన మీద దిగిన ఫొటోను నాన్న డిపోలో అందరికీ చూపించాడట. ఐదు సబ్జెక్టులు తీసుకున్నాడు, మొత్తం 30 క్రెడిట్స్. నవంబర్ మొదట్లో జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకున్నాడు. లేచి వెళ్తే క్లాసులో చెప్పేది తలకెక్కలేదు. ఒక సబ్జెక్టు మానేశాడు, వారం తిరక్కుండా ఇంకొకటి. "ఎవరూ ఏమీ అనలేదు. నేను రావడం లేదని ఎవరికీ తెలియదు కూడా" అని రాశాడు. ఇప్పటికి మూడు వారాలుగా ఏ క్లాసుకూ వెళ్లలేదు.

హాస్టల్‌లో ఆరు గదులకు కలిపి ఒక వంటగది. ఒక సాయంత్రం పప్పుకి తాలింపు వేస్తుంటే పక్క గది అమ్మాయి వచ్చి, ఏమీ మాట్లాడకుండా కిటికీ బార్లా తెరిచి వెళ్లిపోయింది. బయట వణికించే చలి. ఆ రోజు నుంచి అందరూ పడుకున్నాక అర్ధరాత్రి వండుకుంటున్నాడు. లేదంటే బ్రెడ్డు, పెరుగు, అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి. తెల్లవారుజామున పడుకుని మధ్యాహ్నం రెండింటికి లేస్తాడు. మరో రెండు గంటలకు చీకటి పడుతుంది.

మధ్యలో ఒకసారి మాత్రం లేవక తప్పదు. ఆ భాగం అతని మాటల్లోనే: "నాన్న తెల్లారకుండా డ్యూటీకి వెళ్లి ఒంటిగంటకు ఇంటికొస్తాడు. అన్నం తినే ముందు నాకు వీడియో కాల్ చేస్తాడు. ఇక్కడ అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. ఫోన్ మోగగానే లేచి జాకెట్ వేసుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని, క్లాసుకు బయల్దేరుతున్నట్టు కనిపిస్తాను. జాగ్రత్త నాన్నా అని పెట్టేస్తాడు. నేను జాకెట్ విప్పేసి మళ్లీ పడుకుంటాను."

ఈ మధ్యలో కాలేజీ వాళ్లు జూనియర్లకు జూమ్‌లో ఎక్స్ఛేంజ్ అనుభవాలు చెప్పమన్నారు. ఒప్పుకున్నాడు, ఇప్పుడు ఆ తేదీ దగ్గరికొస్తోంది. డిసెంబర్ 20న హైదరాబాద్‌కి ఒక టికెట్ చూసి పెట్టుకున్నాడు, ఇంకా కొనలేదు. "వచ్చేస్తే నాన్న ముఖం ఎలా చూడను? ఉంటే అన్నీ ఫెయిల్ అవుతాను. ఒక్కోసారి రేపు నిద్ర లేవకపోతే బాగుండు అనిపిస్తోంది. మా పెద్దమ్మలా అనుకుని రాస్తున్నాను. ఏం చేయమంటారు?"

బాబూ,

పెద్దమ్మలా అన్నావు కాబట్టి నువ్వు అనే పిలుస్తాను. నీ ప్రశ్న టికెట్ కొనాలా వద్దా అని. దానికి తర్వాత వస్తాను. రేపు నిద్ర లేవకపోతే బాగుండు అని రాశావే, ముందు దాని సంగతి మాట్లాడుకోవాలి.

ఆ ఆలోచన వచ్చి పోతోందా, లేక ప్రాణం తీసుకుంటే అన్నదాకా వెళ్తోందా? నీకు నువ్వు నిజం చెప్పుకో. అక్కడిదాకా వెళ్తుంటే ఈ జవాబు మిగతాది తర్వాత చదవొచ్చు. లేచి వెళ్లి హాస్టల్‌లో ఏ తలుపైనా కొట్టు. కిటికీ తెరిచిన ఆ అమ్మాయి తలుపైనా సరే. లేదంటే 112కి ఫోన్ చెయ్యి. అక్కడ అంబులెన్స్‌కి అదే నంబరు.

వచ్చి పోతున్నదే అయినా ఈ వారం దాటనివ్వకు. నీ హాస్టల్‌ని, క్యాంటీన్‌ని నడిపే స్టూడెంటెన్‌వెర్క్ వాళ్లకే విద్యార్థుల కోసం మానసిక సలహా కేంద్రం కూడా ఉంటుంది. డబ్బు తీసుకోరు. అక్కడ నువ్వు చెప్పింది వాళ్లు యూనివర్సిటీకి గానీ, వీసా ఆఫీసుకి గానీ, మీ ఇంటికి గానీ చేరవేయరు. ఇంగ్లిష్‌లో మాట్లాడాలని మెయిల్‌లోనే అడుగు. అపాయింట్‌మెంట్ ఆలస్యమైతే మీ వీధిలో ఉన్న జనరల్ డాక్టర్ దగ్గరికి ఇన్సూరెన్స్ కార్డు పట్టుకుని వెళ్లు. నెల నెలా ప్రీమియం కట్టేది ఇందుకే. అక్కడ సర్దుకుని మాట్లాడకు. మూడు వారాలుగా మంచం దిగలేకపోతున్నాను, నిద్ర తలకిందులైంది, బతకాలని అనిపించడం లేదు అని ఉన్నదున్నట్టు చెప్పు. కాస్త నీరసంగా ఉంది అంటే విటమిన్ బిళ్లలు రాసి పంపేస్తారు.

(ఇది చదువుతున్న వాళ్లలో ఇక్కడ, ఇండియాలో ఉండి ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లు 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.)

ఇక నీకేం జరిగిందో నాకు అర్థమైనట్టు చెప్తాను. తప్పైతే దిద్దు.

నువ్వు బద్ధకస్తుడివని నీ ఉత్తరంలో నాలుగు చోట్ల రాసుకున్నావు. వెళ్లిన రెండు వారాల్లో నగర కార్యాలయంలో చిరునామా నమోదు, ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతా, ఐడీ కార్డు, ఇవన్నీ భాష రాని ఊళ్లో ఒక్కడివే తిరిగి చేసుకున్నానని కూడా నువ్వే రాశావు. బద్ధకస్తులు చేసే పనులు కావవి. మరి ఆ కుర్రాడు నవంబర్‌లో ఏమైపోయాడు?

మన కాలేజీల్లో పిల్లవాడిని ఎవరో ఒకరు రోజూ లాగుతూనే ఉంటారు. 75 శాతం అటెండెన్స్ లేకపోతే కండోనేషన్ ఫీజు, ఇంకా తగ్గితే డీటెయిన్. మిడ్స్, అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డు మీద సంతకం, రెండు రోజులు రాకపోతే ఇంటికి మెసేజ్. విసుక్కుంటాం గానీ ఆ లాగుడు మీదే చదువు నడిచిపోతుంది. జర్మనీలో చాలా లెక్చర్లకు హాజరు పట్టీయే ఉండదు. ల్యాబ్‌లకో సెమినార్లకో ఉంటే ఉండొచ్చు. చాలా సబ్జెక్టుల్లో మార్కులన్నీ చివర్లో ఫిబ్రవరిలో జరిగే ఒక్క పరీక్షలోనే. అక్కడ ఒక క్రెడిట్ అంటే సుమారు 30 గంటల పని అని లెక్క. 30 క్రెడిట్స్‌కి 900 గంటలు. అందులో క్లాసులో కూర్చునేది దాదాపు మూడో వంతు, మిగతాదంతా నీ అంతట నువ్వు చదువుకోవాల్సింది. ఆ సంగతి అక్కడి పిల్లలకు మొదటి సంవత్సరంలోనే తెలిసిపోతుంది. నీకు ఎవరూ చెప్పలేదు. జ్వరం వచ్చి నాలుగు రోజులు చేయి వదిలావు. పట్టుకుని మళ్లీ నిలబెట్టే చేయి అక్కడ లేదు. జరిగింది ఇదని నేను అనుకుంటున్నాను.

దీనికి తోడు చలికాలం. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పారు కదా. అప్పటిదాకా మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా. ఆ రోజు నుంచి నాలుగున్నర. సాయంత్రం ఏడింటికి నీకు ఎవరితోనైనా మాట్లాడాలనిపించే వేళకు మీ ఇంట్లో రాత్రి పదకొండున్నర. తెల్లారకముందే డ్యూటీకి లేవాల్సిన ఇల్లు అప్పటికి ఎప్పుడో నిద్రపోయి ఉంటుంది. డిసెంబర్‌లో అక్కడ ఎనిమిదైతే గానీ తెల్లారదు, నాలుగయ్యేసరికి పొద్దు గుంకుతుంది. రెండింటికి లేచేవాడికి రోజులో దక్కే వెలుతురు రెండు గంటలు. ఏడాది పొడవునా ఎండ చూసి పెరిగిన ఒంటికి ఇది చిన్న దెబ్బేమీ కాదు. డాక్టర్‌కి ఈ మాట కూడా చెప్పు.

పంపిన కాలేజీ గురించి ఒక మాట అనకుండా ఉండలేను. ఎంపికైనప్పుడు ఫ్లెక్సీలు కడతారు, పేపర్లో ఫొటో వేయిస్తారు. వెళ్లాక నెలకోసారైనా ఫోన్ చేసి, ఎలా ఉన్నావు, ఏ సబ్జెక్టు కష్టంగా ఉంది అని అడిగే మనిషి ఒకరుంటే ఈ ఉత్తరం నా దాకా వచ్చేది కాదు. వాళ్లు నిన్ను అడిగిందల్లా జూమ్‌లో జూనియర్లకు ఉత్సాహం కలిగించమని.

కిటికీ సంగతి. ఆ అమ్మాయి మనసులో ఏముందో నాకు తెలియదు, నీకూ తెలియదు. నాకు తెలిసిందల్లా ఒకటి. జర్మనీలో చలికాలంలో కూడా రోజుకు రెండు మూడు సార్లు కిటికీలు పూర్తిగా తెరిచి గది గాలి మార్చడం ఒక అలవాటు. గోడలు చెమ్మపట్టి బూజు రాకుండా ఆ పని చేయాలని అద్దె ఒప్పందాల్లో కూడా రాసి ఉంటుంది. నీ ఒప్పందం తీసి చూడు, ఉండే ఉంటుంది. తాలింపు పొగ ఆమెకు ఇబ్బంది అయ్యే ఉండొచ్చు, కాదనను. అది పొగ మీద ఇబ్బంది. దాన్ని నువ్వు నీ మీద అసహ్యంగా చదువుకుని, నెలరోజులుగా దొంగలా అర్ధరాత్రి అన్నం వండుకుంటున్నావు. రేపు ఏడింటికి వండు. తాలింపు వేసే ముందు నువ్వే కిటికీ తెరువు. ఎవరైనా వస్తే కొంచెం రుచి చూస్తావా అని అడుగు. వద్దంటే వద్దన్నారు, అంతే. తొమ్మిదింటికల్లా వంటగది ఖాళీ అయితే నీ నిద్ర కూడా కొంచెం దారికొస్తుంది. అన్నిటికంటే ముందు నాకు కావాల్సింది అది.

ఇప్పుడు టికెట్ దగ్గరికి వద్దాం. నీ ముందు దారులు రెండే ఉన్నాయన్నట్టు రాశావు, రావడం, ఫెయిల్ అవడం. ఇంకా ఉన్నాయి.

డిసెంబర్‌లో వచ్చేయడం ఒక దారి. డాక్టర్ గానీ, సలహా కేంద్రంలో వాళ్లు గానీ ఇంటికి వెళ్లడమే మంచిదంటే లెక్కలేమీ చూడకు, వచ్చెయ్. లోన్లు, గాజులు అన్నీ తర్వాత. అలా కాకుండా కేవలం సిగ్గుతో, భయంతో వచ్చేద్దామనుకుంటే మాత్రం దాని ఖర్చు తెలుసుకుని రా. బ్లాక్డ్ అకౌంట్‌లో ఉన్నది ఎవరికో కట్టిన ఫీజు కాదు, నీ తిండికీ అద్దెకీ నెల నెలా నీ చేతికొచ్చే డబ్బు. డిసెంబర్ దాకా పోగా జనవరి నుంచి మూడు నెలలది 2,976 యూరోలు మిగులుతుంది. కానీ ఖాతా మూయించి వెనక్కి తెచ్చుకోవడానికి కాగితాలు కావాలి, సమయం పడుతుంది. హాస్టల్ ఒప్పందం మార్చి దాకా ఉంటే, ముందే ఖాళీ చేసినా అద్దె కట్టాల్సి రావచ్చు. నీ బదులు ఇంకొకరు చేరితే ఆ భారం తప్పొచ్చు. ముందే హాస్టల్ ఆఫీసులో అడుగు. క్రెడిట్స్ సున్నా. ఇక్కడి కాలేజీ ఈ సెమిస్టర్‌ని ఏం చేస్తుందన్నది అసలు ప్రశ్న. బ్యాక్‌లాగ్‌లుగా రాయనిస్తారా, జూనియర్లతో కూర్చోవాలా, ఏడాది పోతుందా? ఫోన్లో సార్ అన్న మాట నమ్ముకుని టికెట్ కొనకు. ఎగ్జామినేషన్ సెక్షన్ నుంచి మెయిల్‌లో జవాబు తెప్పించుకో.

ఉండి, బరువు తగ్గించుకోవడం రెండో దారి. ఐదు సబ్జెక్టులూ పాస్ కావాలన్న రూలు నీ తలలో తప్ప ఇంకెక్కడైనా రాసి ఉందేమో చూడు. వెళ్లేముందు ఏ సబ్జెక్టులు చదవాలో రాసుకుని లెర్నింగ్ అగ్రిమెంట్ మీద సంతకాలు పెట్టారు కదా, అది మార్చుకోవచ్చు. అక్కడి కోఆర్డినేటర్, ఇక్కడి కోఆర్డినేటర్ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఫిబ్రవరి పరీక్షలకు ఇంకా సుమారు పది వారాలుంది. ఒక్కో సబ్జెక్టు ఆరు క్రెడిట్స్, అంటే 180 గంటలు అనుకుంటే, రెండు సబ్జెక్టులకు 360 గంటలు, వారానికి 36. మూడు తీసుకుంటే వారానికి 54. ఇప్పుడు నువ్వున్న స్థితిలో రెండు అనే నేనంటాను. మూడోది జనవరిలో ఒంట్లో బాగుంటే చూసుకో.

ఏ రెండు? తేలికైనవని విన్నవి కాదు, అభ్యాసం కోసం చిన్న గ్రూపు క్లాసులున్నవి. పదిహేను ఇరవై మంది కూర్చునే చోట నువ్వు రాలేదని ఎవరికో ఒకరికి తెలుస్తుంది. అలా తెలియడం నీకిప్పుడు అవసరం. డిపార్ట్‌మెంట్‌లో ఫాఖ్‌షాఫ్ట్ అని విద్యార్థుల సంఘం ఉంటుంది, చాలా చోట్ల పాత ప్రశ్నపత్రాలు వాళ్ల దగ్గర దొరుకుతాయి. వెళ్లి అడుగు. ప్రొఫెసర్లకు వారంలో ఒక గంట విద్యార్థులతో మాట్లాడే వేళ ఉంటుంది. జబ్బు చేసి నెల రోజులు రాలేదు, ఇప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అని అడిగితే వాళ్లు కోప్పడరు. మన దగ్గరిలా తల దించుకుని నిలబడక్కర్లేదు, కూర్చుని మాట్లాడొచ్చు.

రెండు విషయాలు మరిచిపోకు. అక్కడ పరీక్షకు విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, క్లాసుకు వెళ్లినంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు. ఆ గడువు ఎప్పుడో రేపే చూడు. అలాగే రాయదలచుకోని సబ్జెక్టుకు ఇప్పటికే రిజిస్టర్ అయి ఉంటే, గడువులోపల పేరు తీసేయించుకో. అప్పుడది ఫెయిల్ కింద పడదు. ఇక గ్రేడ్లు. అక్కడ 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 వచ్చినా పాసే. ఈసారికి నీకు 4.0 చాలు.

ఈ దారికీ ఖర్చుంది. మిగతా మూడు సబ్జెక్టులు ఇక్కడికొచ్చాక పూర్తి చేయాలి. ఆరో సెమిస్టర్, ఏడో సెమిస్టర్ బరువెక్కుతాయి. ఏడో సెమిస్టర్‌లో ప్లేస్‌మెంట్స్ కూడా ఉంటాయి, కొన్ని కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉంటే కూర్చోనివ్వవు. అందుకని ఆ సబ్జెక్టుల్ని ఏ పేరుతో రాసుకుంటారో కోఆర్డినేటర్‌ని ఇప్పుడే అడుగు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయం ద్వారా చేసుకునే వీలు ఇవ్వొచ్చు. మీ కాలేజీ దాన్ని ఎంతవరకు ఒప్పుకుంటుందో కనుక్కుంటే బరువు కొంత దిగుతుంది.

మూడోది, క్రిస్మస్ సెలవులకు వచ్చి వెళ్లడం. దాదాపు రెండు వారాలు క్లాసులుండవు. అమ్మ చేతి అన్నం తిని, ఎండలో కూర్చుని వెళ్తే మనిషివవుతావని నాకూ ఆశగానే ఉంది. కానీ ఆ రోజుల్లో టికెట్లు మండిపోతుంటాయి, అది ఇంకో అప్పు. నీ వీసా మీద మళ్లీ లోపలికి రావచ్చో లేదో చూసుకోకుండా బయటికి అడుగు పెట్టకూడదు. వచ్చాక తిరిగి వెళ్లే రోజు ఇంకా కష్టంగా ఉంటుందేమో కూడా ఆలోచించు. సలహా కేంద్రంలో మొదటిసారి కూర్చున్నాక దీని మీద వాళ్ల మాట అడుగు.

పార్ట్‌టైమ్ చేసి నాన్న లోన్ తీర్చేద్దామా అని కూడా రాశావు. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయనిస్తారు, నిజమే. ఈ చలికాలానికి మాత్రం వద్దు.

ఈ దారుల్లో ఏది పట్టినా ముందు నాన్నకు చెప్పాల్సి ఉంటుంది. నువ్వు అడిగింది, వచ్చేస్తే నాన్న ముఖం ఎలా చూడను అని. ఆయన ముఖం నువ్వు రోజూ ఎనిమిదిన్నరకు చూస్తూనే ఉన్నావు. నిన్ను ఎక్కువగా పీల్చేస్తున్నది క్లాసులు పోవడం కంటే ఆ ఐదు నిమిషాలే అనిపిస్తోంది నాకు. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఇలాగే విదేశం నుంచి మధ్యలో తిరిగొచ్చేసింది. ఏడాది పోయింది, తర్వాత డిగ్రీ పూర్తి చేసి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. పోయిన ఏడాది గురించి ఆమె మామూలుగానే మాట్లాడుతుంది. ఇంట్లో చెప్పకుండా గడిపిన రెండు నెలల మాట వస్తే మాత్రం ఇప్పటికీ కళ్లు తడుస్తాయి.

ముందు అమ్మకు చెప్పొచ్చు. తేలిక. కానీ అప్పుడు ఆ గుట్టు ఆమె మోయాలి, రోజూ ఒంటిగంటకు పక్కన కూర్చుని నువ్వు ఆడే నాటకం ఆమె కూడా ఆడాలి. ఇప్పటికే గాజులిచ్చిన మనిషి. చెల్లికైతే అసలే చెప్పకు, ఇంటర్ పిల్ల మీద ఆ బరువు పెట్టకూడదు. పరీక్షలయ్యాక చెప్దాంలే అంటావేమో. ఏప్రిల్ దాకా ఆ జాకెట్ వేసుకోగలవా? నేనైతే ఇద్దరినీ స్పీకర్‌లో కూర్చోబెట్టి ఒకేసారి చెప్పమంటాను. ఆయన అన్నం తిన్నాక. వీడియో లేకుండా. "నాన్నా, మూడు వారాల నుంచి క్లాసులకు వెళ్లడం లేదు. నీకు అబద్ధం చెప్పాను. మనసు బాగోలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. ఈ సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులే రాయగలనేమో." ఇంతకంటే పెద్దగా ఏమీ వద్దు. డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాక చెప్తే, చెప్పడానికి నీ చేతిలో ఒక పనైనా ఉంటుంది.

ఆయన అరవొచ్చు. లోన్ మాట తేవొచ్చు, డిపోలో ఏమని చెప్పను అనొచ్చు. ఫోన్ పెట్టేయనూవచ్చు. ఆ రోజు ఆయనకూ కష్టమైన రోజే, అననివ్వు. మర్నాడు నువ్వే ఫోన్ చెయ్యి. తెల్లారకుండా డ్యూటీకి పోయి వచ్చిన మనిషి, ఆకలితో ఉండి కూడా అన్నం ముందు పెట్టుకుని ముందు నీకు ఫోన్ చేస్తున్నాడు. నువ్వు క్లాసుకు వెళ్లావో లేదో కనుక్కోవడానికే అయితే అది తిన్నాక కూడా చేయొచ్చు.

జూమ్ మీటింగ్‌కి ఈ నెల కుదరదని ఒక లైను మెయిల్ పెట్టు. కారణం చెప్పాల్సిన పని లేదు. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే, నీ తర్వాత వెళ్లేవాళ్లకు నవంబర్ గురించి చెప్పు. అది వాళ్లకు ఎవరూ చెప్పరు.

రోజుకు ఒక గంట, పదకొండుకీ మూడుకీ మధ్య, ఎండ ఉన్నా లేకపోయినా బయట నడువు. మొదట్లో నీకు ఊరు చూపించిన, కొత్తవాళ్లకు తోడుగా ఉండే ఆ బడ్డీ అబ్బాయికి మెసేజ్ పెట్టి నెల దాటింది అన్నావు. ఇప్పుడు మీ ఊళ్లో క్రిస్మస్ సంత నడుస్తోంది, 1434 నుంచి జరుగుతున్న సంత అది. ఒక సాయంత్రం తీసుకెళ్తావా అని అడుగు. కాదంటే పోయిందేమీ లేదు. ఆదివారం దుకాణాలుండవు కాబట్టి శనివారమే కూరలు తెచ్చుకో. ఆదివారం ఖాళీ ఫ్రిజ్ ముందు నిలబడితే ఎవరికైనా ఏడుపొస్తుంది.

ఈ సోమవారం సలహా కేంద్రానికి మెయిల్ పెట్టు, కోఆర్డినేటర్‌కి ఇంకో మెయిల్. మంగళవారం ఎనిమిదిన్నరకు ఫోన్ మోగితే జాకెట్ వేసుకోకు, దుప్పట్లో ఉన్నవాడివి అలాగే ఎత్తు. ఏ రెండు సబ్జెక్టులు ఉంచుకున్నావో, లేదా ఏ తేదీకి టికెట్ కొన్నావో, ఏదైనా సరే నాకు రాయి.